వెనకాల ఎవురుండారు?

"అన్నీ దొరికినాయి సార్. మనిషే దొరకలేదు."

ఫోన్లో భాయి అన్న మాట ఇది. ప్రొద్దుటూరులో ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసి, ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చేసే భాయి. ఆదివారం జమ్మలమడుగులో సంస్మరణ కూటం పెట్టుకున్నాం. దానికొక ఫ్లెక్సీ కావాలి. మా జిల్లాలో ఫ్లెక్సీ పడనిదే మనిషి పుట్టినట్టూ కాదు, పోయినట్టూ కాదు. అక్షరాలు నేను రాసిచ్చాను. మొదట 'కన్నీటి వీడ్కోలు' అని రాసి, పోయిన మనిషికి ఎక్కువ మాటలు గిట్టవని గుర్తొచ్చి 'కన్నీటి' కొట్టేశాను. పువ్వులు, పావురం, శిలువ, వెనకాల ఆకాశం అన్నీ భాయి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఫోటో ఒక్కటే లేదు.

పాతికేళ్ళు కెమెరా వెనకాల నిలబడ్డవాడు ఒక్కసారైనా ముందుకొచ్చి ఉండడా అని అందరినీ అడిగాం. ఆధార్ కార్డు మీదొకటి ఉంది.

"అది పెద్దది చేస్తే వాళ్ళమ్మ గూడా కొడుకని ఒప్పుకోదు సార్. పోలీసోళ్ళు వెతికే మనిషనుకుంటాది," అన్నాడు భాయి. "మీ కాడ ఏమన్నా ఉండాదేమో చూడండి."

నా దగ్గర ఒకటుంది. ఉందని నాకు పాతికేళ్ళుగా తెలుసు. ఉందని పోయినవాడికి కూడా చెప్పలేదు. దాని సంగతికి వచ్చేముందు మనిషి సంగతి చెప్పాలి.

ఊరంతా అతన్ని డైరెక్టరు అనేది. మొదట వెక్కిరింతగా, తర్వాత అలవాటుగా, చివరికి పేరు మరచిపోయి. వాళ్ళమ్మ జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే పని చేసేది. నాలుగు తరాలుగా క్రైస్తవులు. ఏ పార్టీలోనూ లేరు. పార్టీలే తెగిన చోట గుడ్డ అదుముకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చేవి. ఆమె ఒక మాట అనేది: "ఈ పార్టీ నెత్తురూ ఆ పార్టీ నెత్తురూ ఒకే బకెట్లో పిండినా సార్. రంగులో తేడా ఏమీ కనపళ్ళే." ఆమెకింకో అలవాటుంది. టీ ఇచ్చినా, ఎవరైనా తుమ్మినా, ఎదుటివాళ్ళ కోసం రెండు ముక్కలు ప్రార్థన చేస్తుంది. చేసి, వాళ్ళు ఆమెన్ అనేదాకా కదలనివ్వదు. శనివారం ఉపవాసాలుండే నాచేత ఆమె అనిపించిన ఆమెన్లు కలిపితే నాకు స్వర్గంలో కాకపోయినా దాని వరండాలోనైనా చోటు దొరకాలి.

ఆ ఇంట్లో పెరిగినవాడికి మనుషులను రెండుగా చూడటం రాలేదు. అది మంచి గుణమని నేను క్లాసులో చెప్పేవాణ్ణి. మా ఊళ్ళలో అది ప్రమాదమని చెప్పడం మరచిపోయాను.

నేను ప్రొద్దుటూరు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. అతను నా విద్యార్థి, అంటే హాజరు పట్టీ ప్రకారం. డిగ్రీ అయిపోయిన ఏడాది ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడి, "సార్, సినిమా తీస్తాండా. మాటలు రాయల్ల మీరు" అన్నాడు.

"నాకు మాటలు రావప్పా. పాఠాలే వస్తాయి."

"పాఠాలే రాయండి సార్. నేను కోసుకుంటా."

కోసుకున్నాడు కూడా. మొదటి సినిమాకు నేను నలభై పేజీలు రాస్తే తెర మీదికి నాలుగు వాక్యాలు వచ్చాయి. రెండోదానికి రెండు. ఆ తర్వాత సినిమాల్లో అసలు మాటలే లేవు. అయినా గురుభక్తి కొద్దీ, మూగ సినిమాల టైటిల్సులో కూడా 'మాటలు' అని వేసి దాని కింద నా పేరు ఉంచాడు. చివరి సినిమాలో తన పేరు తీసేసుకున్నాడు గాని నాది తీయలేదు. హైదరాబాదులో ఆ సినిమా చూసినవాళ్ళెవరో నాకు ఫోన్ చేసి మాటలు చాలా బాగున్నాయని మెచ్చుకున్నారు. నేను రాసినవాటిలో అందరూ ఒప్పుకున్నవి అవే.

అతను సినిమాలన్నీ మూఢంలోనే మొదలుపెట్టేవాడు. మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే వీడియో కెమెరాకు పనుండదు. భాయి స్టూడియోలో అది బీరువాలో గుడ్డ కప్పుకుని పడుకుంటుంది. ఇతను పోయి దాన్ని లేపేవాడు. గురుడో శుక్రుడో ఆకాశంలో కనపడకుండా పోయిన ఆ కొద్ది వారాలే అతని సినిమా కాలం. లోకమంతా మంచి పనికి వెనకాడే రోజుల్లో ఇతను మంచి పని మొదలుపెట్టేవాడు.

"మూఢంలో మొదలుపెడితే ముందుకు పోతాదా?" అని అడిగితే, "మాకు మూఢం లేదు సార్. మీకేమన్నా పట్టింపుంటే చెప్పండి" అన్నాడు.

"నాకుండేది మూఢత్వమప్పా. మూఢం పట్టింపు లేదు," అన్నాను. నవ్వలేదు. నా హాస్యానికి అతను నవ్విన సందర్భాలు తక్కువ. అందుకే నేను మానలేదు.

"ఒక్క నిమిషం సార్" అనేవాడు దేనికైనా. ఎండ వాలాలి, ఒక్క నిమిషం సార్. గాడిద కదలాలి, ఒక్క నిమిషం సార్. అతని నిమిషంలో నేను ఒకసారి రెండు సెట్ల పరీక్ష పేపర్లు దిద్దాను. టీ తెప్పించుకుని సాసర్లో పోసి, ఆరబెట్టి, మరచిపోయేవాడు. అతను షూటింగు చేసిన చోటల్లా ఎక్కడో ఒక అరుగు మీద సాసరు, అందులో ఒక ఈగ ఉండేవి.

మొదటి సినిమా పదకొండు నిమిషాలు. బతుకులో ఒక్క ఫోటో దిగాలని పల్లె నుంచి ప్రొద్దుటూరుకు వచ్చిన ముసలాయన కథ. స్టూడియోకి దారి అడుగుతూ బజారంతా తిరుగుతాడు. తీరా చేరేసరికి మూసేసి ఉంటుంది. ముసలాయనగా కాలేజీ వాచ్‌మన్ వేశాడు. భాయి ఎడిటింగ్ మిషన్లో ఉన్నవన్నీ పెళ్ళి హంగులే కాబట్టి, కరువులో ఎండిన ముసలాయన ముఖం మీద గుండె ఆకారం విచ్చుకుని, అందులోంచి బంగారు అంగళ్ళ వీధి వచ్చేది. ఒక చోట గులాబీ రేకులు కూడా రాలాయి.

కానీ అందులో ఒక షాటుంది. ముసలాయన ఒక హోటలు ముందునుంచి నడిచిపోతాడు. వెనకాల, హోటల్లో బల్ల దగ్గర, ఇద్దరు మనుషులు ఒకే ప్లేటులో ఎర్రకారం దోసె తుంచుకు తింటుంటారు. ఒకతను ఏదో అంటాడు. రెండో అతను తల వెనక్కి వేసి, నోట్లో దోసె ఉందన్న సంగతి కూడా మరచి నవ్వుతాడు. నాలుగు సెకండ్లు. వాళ్ళు నటులు కారు. కెమెరా ఉందని కూడా వాళ్ళకు తెలీదు. స్టూడియోలో ఆ ముక్కను డైరెక్టరు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశాడో.

"చూడండి సార్. మీరు ఎన్ని పేజీలు రాసినా ఇది వస్తాదా?"

"రాదప్పా," అన్నాను. అది మాత్రం హాస్యం కాదు.

ఊళ్ళో కేబుల్ టీవీ ఆయన మధ్యాహ్నం పూట వేయడానికి ఏమీ లేక ఆ సినిమా వేశాడు. సోమవారం వేస్తే, మంగళవారం స్టూడియోకి ఒక మనిషి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కొత్తగా కొన్న లైటు ఎలా పడుతుందో చూడటానికి కెమెరాను స్టాండు మీద పెట్టి, డైరెక్టరు దాని ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను కెమెరా పక్కన ఉన్నాను. నన్ను కెమెరా పక్కన ఉంచకూడదని అప్పటికే ఒక నియమం ఉంది, కనపడిన బొత్తామల్లా నొక్కుతానని. ఆ రోజు భాయి పని హడావిడిలో ఆ నియమం ఎవరికీ గుర్తురాలేదు.

వచ్చినాయన పొడుగాటి మనిషి. తెల్లపంచె, భుజాన తువ్వాలు. కుడిచెయ్యి చూపుడువేలు సగమే ఉంది.

"డైరెక్టరంటే ఎవురు?"

"నేనే మామా."

"నువ్వా? మీసం కూడా సరింగా రాల్యా గదరా అబ్బీ!" అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్న టీవీలో నేను పడినానంట. మా ఊరాయప్ప ఒకడు ఈడ కాపురముండాడు, వాడు చూసి చెప్పినాడు. దోసె తింటాండావంట మామా, అని."

డైరెక్టరు లేచి నిలబడ్డాడు. గొప్ప నటుణ్ణి కలిసినవాడిలా అతని ముఖం వెలిగిపోయింది. "శానా బాగుండారు మామా మీరు దాంట్లో! మొత్తం సినిమాకు మీ నగువే ప్రాణం."

"బాగుండేది సరే. పక్కన ఉండేటోడు ఎవురో తెల్సా?" ఆయన గొంతు తగ్గించాడు. "నా బామ్మర్ది. మాది పులివెందల పక్కన పల్లె. నేను ఈ పార్టీ, వాడు ఆ పార్టీ. మూడేండ్లాయె మాకు మాటల్లేక. ఊర్లో ఎదురుపడితే మొగం తిప్పుకోని పోవల్ల. ఆ పొద్దు ఈ ఊర్లో కనపడినాడు. ఈడ మనల్ని చూసేటోడు ఎవుడుండాడులే అని దోసె తిన్నాం. అంతే." చేతులు రెండూ చూపించాడు, ఏమీ దాచలేదన్నట్టు. "మా వాళ్ళు చూసినారనుకో, ఆ పార్టీకి కబుర్లు మోస్తాండాడు అంటారు. సినిమా అంతా వద్దు అబ్బీ. నా తలకాయొక్కటి తీసెయ్యి."

ఆ మాట అనేసి, ఏమన్నాడో తనకే తట్టి, ఆయనే ముందు నవ్వాడు. హోటల్లో నవ్విన నవ్వు కాదది.

డైరెక్టరు భాయి వైపు చూశాడు. మూఢం వెళ్ళిపోయింది. లగ్గాలు ముంచుకొచ్చాయి. మిషన్ మీద పెళ్ళి క్యాసెట్లు గుట్టగా ఉన్నాయి.

"పది దినాలు మిషన్ ముట్టుకోవద్దు నువ్వు," అన్నాడు భాయి, తల ఎత్తకుండా.

"తీస్తా మామా. పది దినాలాగండి."

"మళ్ళా టీవీలో ఏస్తారా?"

ఆదివారం మళ్ళీ వేస్తానని కేబుల్ ఆయన మాటిచ్చాడు. జమ్మలమడుగులో ఆ కేబుల్ రాదు. చర్చి అయ్యాక వాళ్ళమ్మ బస్సెక్కి మా ఇంటికొచ్చి, కొడుకు సినిమా మొదటిసారి చూడబోతోంది. అది నాకు తెలుసు. డైరెక్టరు నా వైపు చూశాడు. నేను ఆ చూపుకు సాయం చేయాలనుకున్నాను. వచ్చినాయన భయం పోగొట్టాలనీ అనుకున్నాను. రెండింటికీ నా దగ్గరుండే మందు ఒకటే.

"మన సినిమా ఎవరు చూస్తారప్పా!" అన్నాను. "రాసిన నేనే సగంలో నిద్రపోయినా."

ఆయన నవ్వాడు. డైరెక్టరు కూడా నవ్వాడు. జీవితంలో నా హాస్యానికి అతను మనసారా నవ్వింది అప్పుడే.

"సరే," అన్నాడు పెద్దాయన. ముందుకొచ్చి డైరెక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు నా బిడ్డట్లాటోనివి. నీ మాట మీద పోతాండా."

ఆదివారం సినిమా మళ్ళీ వేశారు. వాళ్ళమ్మ మా ఇంట్లో చాప మీద, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని చూసింది. గులాబీ రేకులు రాలినప్పుడు చప్పట్లు కొట్టింది. హోటలు షాటు రాగానే తెర మీద వేలు పెట్టింది. "అబ్బా, ఎంత బాగా నగుతాండారో సూడు సార్ వీళ్ళు! ఈ ఇద్దురినీ దేవుడు సల్లగా సూడల్ల. ఆమెన్ అనండి." నేనూ, నా భార్యా, డైరెక్టరూ ఆమెన్ అన్నాం.

గురువారం పొద్దున నేనూ అతనూ టీ అంగడిలో పేపరు చూస్తున్నాం. జిల్లా పేజీలో, కింద, మూడు వరుసలు. పులివెందుల దారిలో ఒక స్టేజీ దగ్గర బస్సు దిగిన మనిషిని నరికారని. పాత కక్షలే కారణమని. పేరు మాకు తెలీదు. ఊరు పేరు తెలుసు. ఇంకా, కుడిచేతి చూపుడువేలు సగం లేదని ఆనవాలు రాశారు.

సినిమా వల్లనే అని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో మా వైపు మనిషి పోవడానికి ఒకటే కారణం కావాలని ఎవరూ పట్టుబట్టేవారు కాదు. ఇవన్నీ అతనికి చెప్పాను, ఒకటి తర్వాత ఒకటి, పాఠంలాగా. అతను కోసుకోలేదు, వినలేదు. సాసర్లో టీ అలాగే ఉంది. లేచి కేబుల్ ఆఫీసుకు పోయి ఒక క్యాసెట్టు తీసుకున్నాడు. స్టూడియోకి పోయి రెండోదీ మూడోదీ తీశాడు. మూడూ భాయి ముందు పెట్టి, "దేనికన్నా వాడుకో భాయ్" అన్నాడు. లగ్గాల రోజులు. క్యాసెట్ల కరువు. వాటి మీద మూడు పెళ్ళిళ్ళు రికార్డయ్యాయి. ఎక్కడో ఎవరి తలంబ్రాల కిందో ఆ నవ్వు ఉండాలి.

ఆరు నెలల తర్వాత ఒక పొద్దున అతను వచ్చి, "సార్, పులివెందల దాకా తోడు రాండి" అన్నాడు. దేనికని నేను అడగలేదు. ముద్దనూరు మీదుగా బస్సు. ఆ పల్లెలో ఆయన ఇల్లు కనుక్కుంటుంటే నా కాళ్ళు వెనక్కి నడుస్తున్నట్టే ఉన్నాయి. ఆయన భార్య గానుగ చెట్టు నీడలో వేరుశెనక్కాయలు వలుస్తూంది. మేమెవరో అతనే చెప్పాడు. ఏమీ దాచలేదు. సినిమా తీసింది నేనేనమ్మా, తీసెయ్యమంటే తీయలేదు నేను, అన్నాడు.

కాయలు వలిచే ఆమె చేతులు ఆగలేదు. తిడుతుందని, కొడుతుందని, ఎవరినైనా కేకేస్తుందని నేను దారి చూసి పెట్టుకున్నాను.

"దాంట్లో నగుతాండాడంట గదా, ఆయప్ప?" అంది చివరికి.

"ఊ."

"మా తమ్మునితోనే?"

"ఊ."

"ఆ నగేది నాకొకసారి సూపీ నాయనా. వాళ్ళిద్దురూ కూసోని నగి మూడేండ్లాయ. వాడు గూడా యాడికి పోయినాడో తెలీదు. ఊర్లో ఎవురింట్లోనో క్యాసెట్లు ఏసే మిషన్ ఉండాదంట, తెస్తారు. క్యాసెట్టు తెచ్చినావా?"

"లేదమ్మా," అన్నాడు. "తుడిపేసినా."

"అంతానా?"

"అంతా."

ఆమె తలూపింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో, ఉంటే బాగుండేది. పోయేటప్పుడు గుప్పెడు కాయలు అతని చేతిలో పోసింది. బస్సులో ముద్దనూరు దాకా ఆ గుప్పిట అతను విప్పలేదు.

ఆమెకు ఇవ్వడానికి నా దగ్గరొకటి ఉంది. స్టూడియోలో ఆ మంగళవారం నేను తెలీక నొక్కిన బొత్తాం రికార్డు బొత్తాం. ఆ టేపు భాయి తర్వాత నాకిచ్చాడు. "మీరు తీసిన సినిమా సార్. మీ కాడ్నే పెట్టుకోండి," అన్నాడు. అందులో ఆయన ముఖం ఉంది. మాట ఉంది. నవ్వు కూడా ఉంది, వేరే రకం నవ్వు. కానీ దానికి ముందు నా గొంతు ఉంది, మన సినిమా ఎవరు చూస్తారప్పా అని. అది ఆమె ఇంట్లో, ఊరందరి ముందు వినపడటం నాకు ఇష్టం లేకపోయింది. బస్సులో అతనికి చెబుదామనుకున్నాను. అతను దిగే జమ్మలమడుగు వచ్చేసింది. ఎల్లుండి చెబుదామనుకున్నాను. అలాంటి ఎల్లుండులు పాతికేళ్ళు గడిచాయి.

ఆ తర్వాతే అతను నిజంగా డైరెక్టరయ్యాడని సినిమా తెలిసినవాళ్ళు అంటారు. నాకు సినిమా తెలీదు గాని, అతను ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోవడం మాత్రం చూశాను. మొదట గుండెలు, గులాబీలు పోయాయి. తర్వాత పాటలు పోయాయి, నా మాటలు పోయాయి. చివరికి మనుషుల ముఖాలు పోయాయి. చేతులు మిగిలాయి. పాదాలు, వీపులు, గోడల మీద నీడలు మిగిలాయి. ఒక సినిమా అంతా మగ్గం మీది చేతులు. ఇంకొకటి కుర్చీల కథ. షామియానా అంగడి వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలు పొద్దున జమ్మలమడుగులో ఒక పార్టీ మీటింగుకు పోతాయి, సాయంత్రం పులివెందులలో రెండో పార్టీ మీటింగుకు పోతాయి. మీటింగులు కనపడవు. మైకులో ఉపన్యాసం కూడా వినపడదు. కుర్చీలు దించేది, పరిచేది, దుమ్ము తుడిచేది, ఎత్తేది, అంతే. ఒక కుర్చీకి కాలు విరిగి ఉంటుంది. రెండు పార్టీలవాళ్ళూ దాన్ని వెనక వరుసలోనే వేస్తారు.

ప్రతి షాటుకు ముందు అతనొక పని చేసేవాడు. కెమెరా వదిలిపెట్టి, దానికి కనపడే మేరంతా కాలినడకన చివరిదాకా పోయేవాడు. పోతూ గట్టిగా "వెనకాల ఎవురుండారు?" అని కేకేసేవాడు. ఎవరైనా కనపడితే దగ్గరకు పోయి, "అప్పా, నువ్వు దీంట్లో పడతాండావు. పడొచ్చునా?" అని అడిగేవాడు.

"యాడ పడతాండా? నేను గోడకానుకోని బాగానే నిలబడుండానే?" అనేవాళ్ళు.

"ఎవురన్నా చూస్తే నీకేమీ ఇబ్బంది లేదు గదా?"

"నా పెండ్లాం చూస్తే ఇబ్బంది. పనికి పోయినా అని చెప్పొచ్చినా."

మిగతావాళ్ళం నవ్వేవాళ్ళం. అతను నవ్వేవాడు కాదు. "అయితే ఒక్క నిమిషం ఆ పక్కకు రాప్పా" అని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళేవాడు. పెళ్ళాం భయమో, ప్రాణభయమో అతను తేడా చూడలేదు. ఒక్కోసారి అంతా పక్కకు జరిగిపోయి ఉత్త వీధి మిగిలేది. ఆ ఉత్త వీధినే తీసేవాడు.

హైదరాబాదులో కుర్చీల సినిమాకు బహుమతి ఇచ్చారు. నన్నూ తీసుకెళ్ళాడు, మాటల రచయితను కదా. వేదిక మీద ఒక పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. ఈ దర్శకుడు ముఖాన్ని తిరస్కరించాడన్నాడు. వ్యక్తిని దాటి సమూహాన్ని చేరాడన్నాడు. ఇది రాయలసీమ మౌనం అన్నాడు. నేను గర్వంగా పక్కకు చూశాను. డైరెక్టరు కండువా మడత పెట్టుకుంటున్నాడు. మైకు ఇస్తే "థాంక్సండీ" అని కూర్చున్నాడు.

రైల్లో అడిగాను. "ఆయన అంత చెప్పినాడు గదప్పా, నువ్వు నాలుగు మాటలు చెప్పొచ్చు గదా?"

"ఏం చెప్పల్ల సార్?"

"ముఖాలెందుకు తీయవో చెప్పొచ్చు."

కిటికీ వైపు తిరిగాడు. "ఆయన దాన్ని స్టైలంటాండాడు సార్. భయానికి అంత మంచి పేరుండాదని నాకు తెలీదు. ఉండనీలే," అన్నాడు.

నా సంచిలో అప్పుడు టేపు లేదు. ఉన్నా తీసేవాణ్ణి కాదు.

పోయిన నెల కామెర్లు ముదిరి పోయాడు. పెళ్ళి చేసుకోలేదు. బీరువాలో సినిమాలున్నాయి, అన్నిట్లోనూ ఇతరుల చేతులు, ఇతరుల పాదాలు. అతని ముఖం ఎక్కడా లేదు.

భాయి ఫోన్ చేసిన సాయంత్రం ఆ టేపు తీసుకుని పోయాను. పాత మిషన్ ఒకటి దుమ్ము దులిపి కంప్యూటరుకు తగిలించాడు. గీతలు గీతలుగా బొమ్మ వచ్చింది. కుర్చీలో డైరెక్టరు. మీసం సరిగ్గా రాలేదు. లైటు కొత్తది కాబట్టి కళ్ళు చికిలించి ఉన్నాడు. తర్వాత పెద్దాయన వచ్చాడు. భాయి శబ్దం తగ్గించేశాడు. నా మాట వచ్చే చోటు అతనికీ గుర్తుంది. అందుకు నేను కృతజ్ఞత చెప్పలేదు, అతను ఆశించలేదు.

భుజం మీద చెయ్యి పడినచోట బొమ్మ ఆపాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. డైరెక్టరు ముఖం ఇంత బాగా ఉండేదని నేను మరచిపోయాను.

"ఇదే సార్," అన్నాడు భాయి. పెద్దాయన ముఖం మీద మౌసు బాణం పెట్టి, "ఈయప్పను ఏం చేయమంటారు?" అన్నాడు.

నేను అంగడి బయటికి చూశాను. ఎదురుగా కూడలిలో పెద్ద ఫ్లెక్సీ. ఆనాటి రెండు పార్టీల పెద్దలూ ఇప్పుడు ఒకే పార్టీ. పక్కపక్కన చేతులు కలిపి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. అచ్చేసింది భాయే. వాళ్ళు నవ్వడానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈయన ముఖం పెట్టినా అడిగేవాళ్ళు లేరు. ఉన్నా ఏమీ చేయరు. ఇదంతా నాకు తెలుసు.

"కట్ చెయ్యి," అన్నాను.

చేశాడు. చేసి తల గోక్కున్నాడు. "మొగం పోయింది గాని చెయ్యి పోదు సార్. చెయ్యి తీస్తే డైరెక్టరు భుజం గూడా పోతాది."

"ఉండనీ."

ఆదివారం చర్చి పక్క హాల్లో కూటం. యాభై మంది వచ్చారు, ఎక్కువమంది అతని సినిమాల్లో చేతులో కాళ్ళో వేసినవాళ్ళు. గోడకు ఫ్లెక్సీ కట్టాం. పావురం కింద డైరెక్టరు నవ్వుతున్నాడు. ఎడమ భుజం మీద మణికట్టు దాకా ఒక చెయ్యి. వచ్చినవాళ్ళు ఎవరి చెయ్యబ్బా ఇది అని అడిగారు. ఫ్రెండుదేమో అన్నాడొకడు. కాదు, ఏదో అవార్డు ఇచ్చిన పెద్దాయనదేమో అన్నాడింకొకడు. భాయి కుర్చీలు సర్దుతున్నట్టు దూరంగా ఉన్నాడు.

వాళ్ళమ్మను ఇద్దరు నడిపించుకొచ్చారు. చూపు బాగా తగ్గింది ఆమెకు. ఫ్లెక్సీ దగ్గరకు, మూరెడు దూరానికి పోయింది, ఆ రోజు మా టీవీ ముందు కూర్చున్నట్టే. కొడుకు ముఖాన్ని అరచేత్తో తడిమింది. తర్వాత ఆమె వేళ్ళు భుజం మీది చేతికి వచ్చి ఆగాయి. సగం వేలి దగ్గర ఇంకాసేపు ఆగాయి.

"సేద్యం చేసే చెయ్యి సార్ ఇది," అంది. "ఇట్లాంటి ఏళ్ళు ఎన్నింటికి కట్టు కట్టినానో నేను. ఎవురిది?"

మాటలు నావి. ఆమె నా వైపు తిరిగి, ఆ మాటల కోసం చూస్తోంది.

"తెలిసినాయనదమ్మా."

"నా బిడ్డ భుజం మీద ఎంత నెమ్మదిగా ఏసినాడో సూడు," అంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం ఫ్లెక్సీ మీదినుంచి తీయలేదు. "యాడున్నాడో ఆ మారాజు. దేవుడు ఆయప్పకు నూరేండ్ల ఆయుస్సు ఇయ్యల్ల. పిల్లాజెల్లాతో సల్లగా ఉండల్ల."

ఆమె కళ్ళు తెరవలేదు. ఎదురుచూస్తోంది.

"ఆమెన్ అను సార్."

అన్నాను.